వంశమున దాగిన వ్యాధి
(మహానంది గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను వైద్యుడను గాను, శాస్త్రజ్ఞుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములును శాస్త్రములును నేను గురుముఖమున చదివినవాడను గాను. పుస్తకములనే గురువులుగా నెంచి, దీపముముందర కూర్చుండి నేర్చుకొన్నవాడను. కావున ఏ ప్రబంధమును గూర్చియో మాటలాడుదునని మీరు ఎదురుచూచి యుందురు. కాని కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి వంటి పెద్దలు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును పాటుపడినది కాలక్షేపము కొరకు మాత్రమే కాదు. మన యిండ్లలోని కష్టమునకు కారణము మనకే తెలియవలెనని గూడ వారి కోరిక. ఆ తలంపుతో నేడు ఒక వ్యాధిని గూర్చి చెప్పబూనితిని.

నా వృత్తిలో పాత జనన మరణముల లెక్కలు తిరుగవేయు పని అప్పుడప్పుడు తగులుచుండును. పసిబిడ్డల మరణములకు ఎదురుగా, కారణమను గడిలో, తరచుగా మూడే మాటలు కానవచ్చును: దగ్గు, జ్వరము, బాలారిష్టము. వ్రాసినవారి తప్పేమియు లేదు. వారికి తెలిసినది అంతే. కాని ఈ మూడు మాటల మూతక్రింద ఎన్ని వేర్వేరు వ్యాధులు దాగియున్నవో యని నాకు తోచుచుండును. ఒకే యింట ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఒకే తీరుగా పోయినప్పుడు లోకము గ్రహదోషమనును, దిష్టి యనును, కోడలి కడుపు మంచిది కాదనును. అట్టి నిందలలో కొన్నింటికైనను నిజమైన సమాధానము కణములో, లెక్కలో దొరకునని చెప్పుటయే నా ఉద్దేశము.

ఊపిరితిత్తుల జబ్బులు పలువిధములు. క్షయ సూక్ష్మజీవి వలన వచ్చును. రాతి గనులలో పనిచేయువారికి దుమ్ము వలన వచ్చును. బీడీ, చుట్టల పొగ వలన వచ్చునది మరియొకటి. ఇవన్నియు వెలుపలినుండి లోనికి పోవునవి. వెలుపలినుండి ఏమియు రాకయే, తల్లిదండ్రుల బీజములోనే యుండి బిడ్డతోగూడ పుట్టునవి కొన్ని కలవు. సుశ్రుతుడు శుక్రశోణిత దోషము వలన కలుగు రోగములను ఆదిబల ప్రవృత్తములని వేరుగా నొక వర్గము చేసెను. చరకుడు బీజములో ఏ భాగము చెడిన ఆ భాగమునకు సంబంధించిన అవయవము చెడునని చెప్పెను. నేటి శాస్త్రము వారి మాటను యథాతథముగా నిరూపించినదని నేననను. బీజమున దోషముండవచ్చునన్న విచారణ మన పెద్దలకు కొత్త కాదని మాత్రము చెప్పుచున్నాను.

ఇట్టి వ్యాధులలో ముఖ్యమైనది సిస్టిక్ ఫైబ్రోసిస్. ఈ పేరు నోరు తిరుగనిదే. కాని దానికి నిలకడగా వాడుకలోనున్న తెలుగు పేరు లేదు. 1938లో న్యూయార్కు నగరపు శిశువైద్యశాలలో పనిచేయుచుండిన డారతీ ఆండర్సన్ అను వైద్యురాలు, ఆహారము వంటబట్టక, దగ్గుతో కృశించి మరణించిన బిడ్డల శరీరములను పరీక్షించి, వారి క్లోమగ్రంథిలో నీటితిత్తులును నారవలె గట్టిపడిన కండయు చూచి, ఇది ప్రత్యేకమైన వ్యాధియని స్థాపించినది. తిత్తులు, నారలు అను రెండు మాటలనుండియే ఆ పేరు పుట్టినది. పేరు క్లోమమునుబట్టి వచ్చినను, ఎక్కువమంది ప్రాణములు తీయునది ఊపిరితిత్తులలోని చెరుపే.

ఇక ఆ చెరుపు ఎక్కడ మొదలగునో చూతము. మన శరీరము లెక్కకందని కణముల సముదాయము. ప్రతి కణమును ఒక చిన్న యిల్లు. దానికి సన్నని పొర గోడ. ఆ గోడలో ద్వారములు కలవు. ఒక్కొక్క ద్వారము ఒక్కొక్క వస్తువునే లోనికి గాని, వెలుపలికి గాని పోనిచ్చును. ఊపిరి గొట్టములు, క్లోమము, ప్రేగులు, చెమటగ్రంథులు మొదలగు చోట్ల నున్న కణముల గోడలో, ఉప్పులోని క్లోరైడు అను భాగమును పోనిచ్చు ద్వారమొకటి యున్నది. శాస్త్రజ్ఞులు దానిని సీ.ఎఫ్.టీ.ఆర్. అందురు. ఉప్పు ఎటు పోయిన నీరు అటు పోవును. ఊరగాయ జాడీలో ఉప్పు వేసిన ముక్కలనుండి నీరూరుట మన తల్లులందరు చూచినదే. కావున ఉప్పుద్వారము తెరచిన నీరు ప్రవహించును. మూసిన నీరు నిలిచిపోవును. వ్యాధియంతయు ఈ ఒక్క ద్వారములోనే యున్నది.

ఆ ద్వారము ఊరక తెరచుకొనదు. దానిని తెరచుటకు శక్తి కావలెను. ఆ శక్తినిచ్చు పదార్థము ఏ.టీ.పీ. అనునది. ఇక్కడ మనము గర్వముతో తలచుకొనవలసిన తెలుగువాడొకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో గూడి, 1929లో ఈ పదార్థమును కండరములలో గుర్తించిరి. జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున దానిని వేరుగా కనుగొనెను. కణములోని పెక్కు పనులకు ఏ.టీ.పీ. చెల్లుబడి నాణెము వంటిది. ఆ నాణెము చెల్లించిననే ఉప్పుద్వారము తెరచుకొనును.

ద్వారము చెడిన ఊపిరితిత్తులకు ఏమగును? దీనిని తెలియుటకు మనము దూరము పోనక్కరలేదు. మహానందీశ్వరుని కోనేరు మన కన్నులయెదుటనే యున్నది. నల్లమల అడుగునుండి ఊట లోనికి వచ్చుచుండును. వచ్చిన నీరు వచ్చినట్లే వెలుపలికి పోయి తోటలను తడుపుచుండును. రాకపోకలు ఆగకుండుటచేతనే అడుగున పడిన నాణెము గూడ పైకి కానవచ్చునంత తేటగా నీరున్నది. ఆ ఊట నిలిచిపోయి, పారు కాలువ పూడిపోయిన ఏమగునో ఊహింపుడు. ఆకులు పడి క్రుళ్ళును, పాచి పట్టును, పురుగు చేరును. కొన్నాళ్ళకు మెట్లును చెడును.

ఊపిరి గొట్టములు అట్టివే. వాటి లోపలి గోడపై పలుచని నీటిపొర, దానిమీద జిగటయైన శ్లేష్మపు పొర యుండును. మనము పీల్చు గాలిలోని దుమ్మును, సూక్ష్మజీవులును ఆ జిగటకు అంటుకొనును. గోడలోని కణములపై కంటికి కానరాని సన్నని వెండ్రుకలు కలవు. అవి గాలికి ఊగు వరిచేను వలె నిరంతరము ఊగుచు, ఆ శ్లేష్మమును గొంతువైపునకు నెట్టుచుండును. మనము తెలియకయే దానిని మ్రింగుదుము. రేయింబవళ్ళు జరుగు ఈ ఊడ్పు మూలముననే మన ఊపిరితిత్తులు శుభ్రముగా నున్నవి.

ఉప్పుద్వారము చెడినవానికి నీటిపొర చాలదు. వెండ్రుకలు ఊగుటకు చోటు లేక జిగటలో చిక్కుకొనును. శ్లేష్మము బంకవలె చిక్కనై గొట్టములలో నిలిచిపోవును. దానిలో సూక్ష్మజీవులు కాపురముండును. చిన్నతనమున స్టాఫిలోకాకస్ అను జాతియు, పిమ్మట సూడోమోనాస్ అను మొండి జాతియు తరచుగా చేరును. శరీరమును కాపాడ వచ్చిన తెల్లకణములు అక్కడనే చచ్చి, వాటి అవశేషములతో ఆ చీమును మరింత బంకగా చేయును. ఆ పోరులో వెలువడు తీక్ష్ణద్రవములు గొట్టముల గోడలను గూడ తినివేయును. గొట్టములు సాగి, వదులై, సంచులవలె నగును. అందులో మరల శ్లేష్మము నిలుచును. ఇట్లు చక్రమువలె చెరుపుమీద చెరుపు పెరుగును. బిడ్డకు దగ్గు విడువదు. కఫము పచ్చగా పడును. వ్రేళ్ళ చివరలు ఉబ్బి గుండ్రమగును. నడచిన ఆయాసము వచ్చును. కడపట ఊపిరితిత్తులు చాలక గుండెయు అలసిపోవును.

అదే ద్వారము క్లోమములో చెడిన, జీర్ణరసము ప్రేగునకు చేరవలసిన సన్నని నాళములు మూసికొనిపోవును. రసము లోననే నిలిచి గ్రంథిని నాశనము చేయును. బిడ్డ ఎంత తిన్నను వంటబట్టదు. మలము అధికముగా, జిడ్డుగా, దుర్గంధముతో పోవును. క్రొవ్వులో కరగు ఏ, డీ, ఈ, కే విటమినులు శరీరమునకు అందవు. పెద్దయైన పిమ్మట కొందరికి మధుమేహమును వచ్చును. కొందరు శిశువులకు పుట్టగనే మొదటి మలము బంకవలె గట్టిపడి ప్రేగు మూసికొనును. ఈ వ్యాధియున్న పురుషులలో చాలమందికి బీజము వెలుపలికి వచ్చు సన్నని నాళము పుట్టుకతోనే ఏర్పడదు. వారికి సహజముగా సంతానము కలుగదు. అట్టి యిండ్లలోను లోకము వ్రేలు చూపునది భార్యవైపే గదా!

చెమటగ్రంథిలో మాత్రము కథ తలక్రిందుగా నడచును. గ్రంథి లోతున చెమట ఉప్పగానే పుట్టును. అది సన్నని నాళము గుండ పైకి వచ్చుచుండగా, అక్కడి కణములు ఉప్పును వెనుకకు తీసికొని శరీరమునకు మిగుల్చును. అనగా ఊపిరి గొట్టములో ఉప్పును వెలుపలికి పంపు ద్వారమే ఇక్కడ లోనికి చేర్చుచున్నది. అది మూసికొన్న, ఉప్పంతయు చెమటతో పోవును. బిడ్డను ముద్దిడిన తల్లి పెదవులకు ఉప్పు తగులును. నుదుట చెమట ఆరిన చోట తెల్లని పొడి నిలుచును. ఉప్పగా తోచు బిడ్డ బ్రతుకదని ఐరోపా ఖండమున పూర్వము నుండి ఒక లోకోక్తి కలదు. తల్లి నాలుక ఎరిగినదానిని శాస్త్రము ఎరుగుటకు చాలకాలము పట్టినది.

ఎట్లనగా, 1948 వేసవిలో న్యూయార్కు నగరమున తీవ్రమైన వడగాలి వీచెను. వడదెబ్బతో ఆస్పత్రికి వచ్చిన బిడ్డలలో ఈ వ్యాధి గలవారు అసాధారణముగా ఎక్కువ యుండుట వైద్యులు గమనించిరి. పాల్ డి సాంటాగ్నీస్ అను వైద్యుడు దానిని వెంబడించి, వీరి చెమటలో ఉప్పు మిక్కుటముగా నున్నదని 1953లో ప్రకటించెను. 1959లో గిబ్సన్, కుక్ అను ఇరువురు చెమటను నొప్పిలేకుండ సేకరించి పరీక్షించు పద్ధతిని ఏర్పరచిరి. నేటికిని అదియే ప్రధానమైన పరీక్ష. లీటరు చెమటలో క్లోరైడు 60 మిల్లీమోళ్ళు గాని, అంతకు మించి గాని యున్నచో వ్యాధి యుండవచ్చునని నిశ్చయింతురు. 1983లో పాల్ క్వింటన్ అను శాస్త్రజ్ఞుడు, చెమట నాళము గోడ క్లోరైడును పోనీయకుండుటయే మూలదోషమని చూపెను. ఆయనకే ఈ వ్యాధి యున్నది. తన రోగమునే శాస్త్రమునకు పుస్తకముగా నిచ్చిన మహనీయుడు!

న్యూయార్కులో కొన్నాళ్ళ వడగాలి చూపినదానిని, చైత్ర వైశాఖములు నిప్పులు చెరుగు మన కర్నూలు, నంద్యాల, కడప సీమలలో మరింత జాగ్రత్తగా చూడవలెను. ఈ వ్యాధియున్న పసిబిడ్డ వేసవిలో వాంతులు లేకయే, విరేచనములు లేకయే, ఉప్పు పోగొట్టుకొని వాడిపోవచ్చును. మన దేశపు వైద్యులు కనుగొన్న రోగులలో ఇట్లు ఉప్పు తరుగుటచేత మొదట బయటపడినవారు గణనీయముగా నున్నారు. తెలియనివారు దానిని వట్టి వడదెబ్బ యందురు.

ఇది తెల్లవారి వ్యాధియని, మన దేశమున లేదని చాలకాలము తలచిరి. 1960వ దశకము నుండి మన వైద్యులు రోగులను గుర్తించి వ్రాయసాగిరి. ఇంగ్లండులోను అమెరికాలోను స్థిరపడిన భారతీయ కుటుంబములను చూచి, పదివేల జననములకు ఒకటి మొదలు నలుబదివేలకు ఒకటి వరకు ఉండవచ్చునని అంచనాలు వేసిరి. ఇక్కడ చాలమందికి క్షయయనియో, ఉబ్బసమనియో మందులిచ్చుట జరుగును. క్షయ మనకు సుపరిచితమగుటచే ప్రతి దగ్గును దాని ఖాతాలోనే వ్రాయుచున్నాము.

ఇప్పుడు వంశపు లెక్కకు వత్తును. మన శరీర నిర్మాణమునకు కావలసిన ఆజ్ఞలన్నియు ప్రతి కణములో వ్రాసియుండును. ఒక్కొక్క ఆజ్ఞను జన్యువు అందురు. ప్రతి జన్యువును మనకు రెండు ప్రతులుండును: ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఉప్పుద్వారమును కట్టు జన్యువు ఏడవ క్రోమోసోము మీద నున్నది. దానిని 1989లో టొరంటోలోని లాప్-చీ ట్సుయి, జాన్ రియోర్డాన్ అనువారును, అమెరికాలోని ఫ్రాన్సిస్ కాలిన్స్ అనువారును కలసి కనుగొనిరి. ఆ ద్వారము 1480 అమైనో ఆమ్లములను గొలుసుగా కూర్చి కట్టినది. ఎక్కువమంది రోగులలో ఆ గొలుసున 508వ పూస ఒక్కటి జారిపోయియుండును. వేయిన్నర పూసలలో ఒక్కటే! ఆ ఒక్క లోపముచేత ద్వారము సరిగా మడతపడదు. కణములోని తనిఖీదారులు దానిని పనికిరాదని గోడ చేరకముందే నాశనము చేయుదురు. మరికొందరిలో ద్వారము గోడకు చేరును గాని తెరచుకొనదు. ఇట్టి తేడాలు ఈ జన్యువులో రెండువేలకు పైగా కనుగొనబడినవి. మన దేశపు రోగులలో 508వ పూస లోపము ఐరోపావారిలో కంటె తక్కువ పాలు. ఇతర లోపములు ఎక్కువ.

రెండు ప్రతులలో ఒకటి చెడినను రెండవది పని నడపును. అట్టివాడు సంపూర్ణ ఆరోగ్యవంతుడు. తనలో దోషమున్నదని నూరేండ్లు బ్రతికినను ఎరుగడు. అతనిని వాహకుడందురు. భార్యాభర్తలు ఇద్దరును వాహకులైనప్పుడే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పునకును నాలుగింట ఒక పాలు వ్యాధిగల బిడ్డ, నాలుగింట రెండు పాళ్ళు వాహకులు, నాలుగింట ఒక పాలు ఏ దోషమును లేనివాడు. ఇక్కడ ఒక హెచ్చరిక. నాలుగింట ఒకటి యన్నంత మాత్రమున, మొదటి బిడ్డకు వచ్చిన తరువాతి మువ్వురును తప్పించుకొందురని కాదు. ప్రతి కాన్పునకును లెక్క మొదటినుండియే.

ఐరోపా జాతులలో సుమారు ఇరువదియైదుగురిలో ఒకరు వాహకులు. ఇరువదియైదును ఇరువదియైదుతో హెచ్చించి, దానిని నాలుగుతో హెచ్చింపుడు: 2500. అక్కడ సుమారు 2500 జననములకు ఒక రోగి కలుగుట ఈ లెక్కకు సరిపోవుచున్నది. మేనరికమే లేని చోట గూడ ఈ వ్యాధి వచ్చుననుటకు ఇదియే సాక్ష్యము. కాని వాహకులు తక్కువగానున్న చోట మేనరికము దానిని వెదకి పట్టి బయటికి లాగును. ఎట్లో చూడుడు.

ఒక తాత వాహకుడనుకొందము. అతని మనుమడును, మనుమరాలును మేనరికము చేసికొనిరి. మనుమనికి ఆ దోషము చేరుటకు నాలుగింట ఒక పాలు. మనుమరాలికిని నాలుగింట ఒక పాలు. ఇద్దరికిని చేరుటకు పదునారింట ఒకటి. బిడ్డకు రెండును చేరుటకు మరల నాలుగింట ఒకటి. మొత్తము 64లో ఒకటి. అదే మనుమడు సంబంధములేని యింటి పిల్లను చేసికొనెననుకొందము. బయటివారిలో నూటికొకరు వాహకులని ఊహకు పెట్టుకొనిన, నాలుగును నూరును నాలుగును హెచ్చింప, 1600లో ఒకటి. అనగా మేనరికమున ప్రమాదము ఇరువదియైదు రెట్లు. ఇక మేనమామకే పిల్లనిచ్చిన, తాత దోషము కొడుకునకు రెండింట ఒకటి, కూతురి కూతురికి నాలుగింట ఒకటి, బిడ్డకు నాలుగింట ఒకటి. మొత్తము 32లో ఒకటి. ఇది ఒక్క వ్యాధి లెక్క. ప్రతి మానవునిలోను ఇట్టి గుప్తదోషములు కొన్ని యుండును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పద్దు కలుపుకొనవలెను.

మేనరికమును దూషించుట నా ఉద్దేశము కాదు. బౌధాయన ధర్మసూత్రము మేనమామ కూతురిని చేసికొనుట దక్షిణదేశపు ఆచారమని పేర్కొన్నది. అర్జునుడు సుభద్రను వరించినది మేనరికమే. అభిమన్యునకు శశిరేఖ దక్కవలెనని మన తెలుగు ప్రేక్షకులు ఎన్ని తరములు కోరుకొనలేదు! 1955 హిందూ వివాహ చట్టమును ఆచారమున్న చోట దీనిని అనుమతించినది. చెలకలు చీలకుండుటకు, పిల్ల పరాయి చేతులలో పడకుండుటకు, కట్నపు బాధ తగ్గుటకు పెద్దలు ఈ త్రోవ పట్టిరి. వారికి ఆస్తి లెక్క తెలిసినది. బీజపు లెక్క తెలియలేదు. తెలియుటకు అప్పటికి శాస్త్రమే లేదు. మెండెల్ బఠానీలపై చేసిన పరిశోధనకు లోకము 1900లోగాని విలువ కట్టలేదు. ఆర్చిబాల్డ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు ఒక అరుదైన వ్యాధిగల బిడ్డల తల్లిదండ్రులలో పలువురు దగ్గరి బంధువులని 1902లో గమనించెను.

మన దేశమునకు వచ్చి స్థిరపడిన హాల్డేన్ మహాశయుని శిష్యులు, పిఠాపురము వారైన ద్రోణంరాజు కృష్ణారావుగారు, పి. మీరాఖాన్ గారితో కలసి, ఆంధ్రదేశమున దగ్గరి బంధువుల వివాహములు ఎంత తరచుగా జరుగుచున్నవి, వాటి ఫలితములేమి అను విషయముపై 1963లో పరిశోధన వ్యాసము ప్రకటించిరి. అది జరిగి అరువదియేండ్లు దాటినను, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున సుమారు నాలుగు వివాహములలో ఒకటి బంధువుల మధ్యనే జరిగినది. కావున ఈ లెక్క పరుల యింటిది కాదు, మనదే.

ఇందులో నేను మరీ మరీ చెప్పదలచిన మాట ఒకటి కలదు. ఈ వ్యాధి ఏ ఒక్కరివలనను రాదు. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి, సరిసమానముగా చేరిననే వచ్చును. జమాఖర్చుల పుస్తకమున ఇరుప్రక్కల మొత్తము సరిపోయిన గాని పద్దు ముగియదు, ఇదియు నట్టిదే. బిడ్డలు నిలువని కోడలిని గొడ్రాలికంటె హీనముగా చూచు అత్తగారు, ఆ దోషమున సగము తన కొడుకుది యని, ఆ కొడుకునకు తననుండియో తన భర్తనుండియో వచ్చినదని ఎరుగవలెను. మేనరికమైనచో ఆ రెండు సగములును తరచుగా ఒకే తాతముత్తాతలనుండి వచ్చినవే. ఇక నిందింపదగినదెవ్వరు? ఎవ్వరును కారు. రెండవ పెండ్లి చేసినంత మాత్రమున కొడుకులోని ప్రతి మారిపోదు.

మనము చేయదగిన పనులు కొన్ని కలవు. బిడ్డ పుట్టినది మొదలు దగ్గు విడువక, ఎంత పాలు త్రాగినను బరువు పెరుగక, మలము జిడ్డుగా పోవుచు, ముద్దిడిన ఉప్పగా తోచిన, ఆ ఉప్పు సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. చెప్పుటకు సిగ్గేల? అది తల్లి చేసిన మొదటి పరీక్ష. క్షయ మందులు వాడినను తగ్గని బిడ్డకు చెమట పరీక్ష అవసరమా యని అడుగవలెను. పెద్దాస్పత్రి కావలసినచో కర్నూలు సర్వజన వైద్యశాల మనకు అందుబాటులోనున్నది. జన్యువుల పరీక్షకు, సలహాకు హైదరాబాదులోని నిమ్స్ వైద్యశాల, బేగంపేటలోని జన్యువ్యాధుల ఆస్పత్రి వంటివి కలవు. ఇంట ఒక బిడ్డకు ఇట్టి వ్యాధి తేలినచో, తరువాతి కాన్పునకు ముందే తల్లిదండ్రులు సలహా పొందవలెను. బంధువులలో సంబంధము కలుపుకొనదలచినవారు జాతకములతో పాటు ఇరువైపుల వంశములలో చిన్నతనముననే పోయిన బిడ్డల జాబితా ముందుంచుకొని, వైద్యుని యొద్దకు పోయి మాటలాడవలెను. ముహూర్తమునకు ముందు ఒక దినము దీనికి వెచ్చించుట భారము కాదు.

వ్యాధి యున్నదని తేలినను నిరాశపడరాదు. 1938లో ఆండర్సన్ చూచిన నాటికి ఇట్టి బిడ్డలు పెక్కుమంది తొలి యేండ్లలోనే గతించుచుండిరి. నేడు సంపన్న దేశములలో ఈ రోగులలో సగముకంటె ఎక్కువమంది పెద్దవారే. జీర్ణరసపు గుళికలు అన్నముతోపాటు ఇత్తురు. వీపుపైనను రొమ్ముపైనను లయగా తట్టి కఫము వెడలించు పద్ధతి తల్లి ఇంటిలోనే నేర్చుకొనవచ్చును. గాఢమైన ఉప్పునీటి ఆవిరిని యంత్రముతో పీల్పింతురు. సూక్ష్మజీవులకు మందులు, కావలసిన విటమినులు, బలమైన ఆహారము ఇత్తురు. వేసవిలో వైద్యుడు చెప్పిన మేరకు అదనముగా ఉప్పు ఇచ్చుట ప్రాణరక్షకము. పెద్దలకు రక్తపుపోటు భయముతో ఉప్పు తగ్గించు ఇండ్లలో ఈ బిడ్డకు గూడ తగ్గించుట తగదు.

చెడిన ద్వారమునే సరిచేయు మందులును వచ్చినవి. మూసికొన్న ద్వారమును తెరపించు ఐవకాఫ్టర్ అను మందునకు అమెరికాలో 2012లో అనుమతి లభించినది. మడత సరిపడనిదానిని సరిచేసి గోడకు చేర్చు మందులతో దానిని కలిపి చేసిన మూడు మందుల గుళిక 2019లో వచ్చినది. దానివలన ఊపిరాడక యున్నవారు పలువురు లేచి తిరుగుచున్నారు. కాని అమెరికాలో దాని ప్రకటిత ధర ఏటికి మూడు లక్షల డాలర్లకు పైమాట. పైగా అది కొన్ని లోపములకే పనిచేయును. మన బిడ్డలలో ఏ లోపములున్నవో పరీక్షించి వ్రాసికొననిదే, రేపు ధర తగ్గినను ఆ మందు ఎవరికి పనికివచ్చునో తెలియదు. కావున రోగమును గుర్తించి లెక్కకెక్కించుటయే మొదటి వైద్యము. లెక్కలో లేనివానికి శిస్తు లేదు, నిజమే. కాని లెక్కలో లేనివానికి సాయమును లేదు.

సోదరులారా! నా యుపన్యాసమున కావ్యరసము లేకపోయినందుకు మన్నింపుడు. గొలుసున ఒక్క పూస జారుటయు, గోడలో ఒక్క ద్వారము మూసికొనుటయు, నీరు నిలిచిపోవుటయు, ఒక యిల్లు బిడ్డను పోగొట్టుకొనుటయు ఒకే కథలోని నాలుగు ఘట్టములని మీకు స్పష్టపడినచో నా శ్రమ ఫలించినట్లే. ఈ మాటలు విన్నవారు, ముఖ్యముగా తల్లులు, వినని పది యిండ్లకు చెప్పుదురు గాక. మన గ్రంథాలయమున ఆరోగ్యశాస్త్ర గ్రంథములకు ఒక బీరువా ప్రత్యేకించి, వాటిని చదువ వచ్చు స్త్రీలకు అనువైన వేళ ఏర్పరచవలసినదిగా కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.